ఇది తెలుపేనా?

మా బావ లెక్కలో ఈ లోకంలో తెల్లగా ఉన్నది ఏదీ లేదు. పాలు తెల్లగా ఉండవు, ఉప్పు తెల్లగా ఉండదు, మబ్బు అసలే ఉండదు. ఏ తెల్లటి వస్తువైనా ఆయన ముందు పెట్టి చూడండి. తల కాస్త పక్కకి వంచి, ఒక కన్ను చికిలించి, "ఇది తెలుపు కాదు" అంటాడు. ఆ తర్వాత అందులో ఏ రంగు ఎంత కలిసిందో చెప్పడం మొదలుపెడతాడు. వినే ఓపిక మీకుందా లేదా అన్నది ఆయనకి అనవసరం.

ఆయన మా అక్క మొగుడు. ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరు. ఆ హాలుకి నేను మేనేజర్ని. అంటే ఇంట్లో ఆయన ముందు నేను చేతులు కట్టుకోవాలి, హాల్లో నా ముందు ఆయన కట్టుకోవాలి. ఆయన ఎక్కడా కట్టుకోడు. రెండుచోట్లా నేనే కట్టుకుంటాను. నా జాతకం అలాంటిది.

డిజిటల్ ప్రొజెక్టర్లో బొమ్మంతా మూడు రంగుల్లోంచి వస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం. మూడూ సరైన పాళ్ళలో కలిస్తే తెలుపు. తెలుపు కుదిరితే మిగతా రంగులన్నీ వాటంతటవే కుదురుకుంటాయి. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ మా బావకి తెలుపు కుదరదు. ప్రతి ఆటకీ ముందు దీపం వేడెక్కేదాకా ఆగి, తెర నిండా తెలుపు వేసి, కిందికి దిగి హాలు నడిమధ్య కుర్చీలో కూర్చుని చూస్తాడు. మెట్లెక్కి వెళ్ళి ఎరుపు ఒక పిసరు తగ్గిస్తాడు. మళ్ళీ దిగుతాడు, చూస్తాడు, ఎక్కుతాడు. ఈలోగా జనం టిక్కెట్లు చింపించుకుని వచ్చి ఖాళీ తెర చూస్తూ కూర్చుంటారు. ఒకాయన మధ్యలో బయటికొచ్చి, సినిమా బాగానే ఉంది కానీ కథ ఇంకా మొదలవలేదేమిటండీ అని నన్నడిగాడు. ఏం చెప్పమంటారు?

ముందు వరసలో ఎవరైనా ఎర్ర చొక్కా వేసుకుని కూర్చున్నారో, వాళ్ళ పని అయిపోయిందే. ఆ ఎరుపు తెర మీద పడుతోందని వాళ్ళని లేపి వెనక్కి పంపుతాడు. ఒకసారి పెళ్ళిరోజని కొత్త బట్టలు కట్టుకుని వచ్చిన మొగుడూ పెళ్ళాలని అలాగే లేపాడు. ఆయన నారింజరంగు, ఆవిడ చిలకాకుపచ్చ. ఇద్దర్నీ చెరో మూలకి పంపించాడు, రెండూ కలిస్తే ఇంకా ప్రమాదమట. పాపం, వాళ్ళు పెళ్ళిరోజు పూట చెరో గోడకీ ఆనుకుని సినిమా చూశారు. తిట్లు మాత్రం నాకు పడ్డాయి.

రంగు గోడల మధ్య ఉంటే కళ్ళు మోసపోతాయని ఇంటికి లోపలంతా బూడిదరంగు వేయించాడు. పరదాలు బూడిద, దుప్పట్లు బూడిద, చొక్కాలు బూడిద. కాపురానికొచ్చిన కొత్తలో అక్క చుట్టూ చూసి, ఏనుగు కడుపులో ఉన్నట్టుందండీ అందట. ఏనుగు బూడిదలో నీలం పాలు ఎక్కువ, ఇది అలాంటిది కాదు, అని ఈయన జవాబు. ఇన్నేళ్ళుగా ఎలా వేగుతోందో మా అక్క.

పాలాయనతో ఒకసారి పాలు తెల్లగా లేవన్నాడు. నీళ్ళు కలిపానంటున్నారా అని ఆయన గుమ్మంలో రంకెలేశాడు. నీళ్ళ సంగతి నాకు తెలీదు, పసుపు కొడుతున్నాయంటున్నాను, అని మా బావ తాపీగా చెప్పాడు. పసుపు కలిపాననే నింద మోయడం తన వల్ల కాదని ఆ పాలాయన ఆ వీధి మొత్తానికీ పాలు మానేశాడు.

నాకు కడుపులో ఆపరేషన్ జరిగినప్పటి సంగతి ఇంకా ఘోరం. మా అక్క ఆసుపత్రి గేటు దాటదు. మా అమ్మకి కంటి ఆపరేషన్ చేయిస్తే కన్ను బాగవకపోగా ఉన్న చూపు కూడా పోయింది. అప్పట్నించీ ఆసుపత్రి పేరెత్తితే చాలు, అక్కకి చేతులు చల్లబడిపోతాయి. రోజూ క్యారియర్ పట్టుకుని గేటుదాకా వచ్చి అక్కడే నిలబడేది. అందుకని నా మంచం పక్కన కూర్చునే భాగ్యం బావకి దక్కింది. ఆయన నన్ను చూళ్ళేదు. నా కింద దుప్పటి చూశాడు. నర్సుని పిలిచి, ఇది తెలుపు కాదమ్మా అన్నాడు. ఆవిడ మురికనుకుని మార్చింది. అదీ తెలుపు కాదన్నాడు. మళ్ళీ మార్చింది. కుట్లు పడ్డ కడుపుతో నన్ను అటు దొర్లించీ ఇటు దొర్లించీ వాళ్ళు దుప్పట్లు మారుస్తుంటే, ప్రాణం పోయినా బాగుండును అనిపించింది. చివరికి డాక్టరొచ్చాడు. బావ ఆయన కోటు కేసి చూశాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

ఇదంతా ఒక ఎత్తు, ఏడాది కిందట మొదలైంది ఇంకో ఎత్తు.

కంపెనీవాళ్ళు ఏదో శిక్షణకి పిలిస్తే బావ పొరుగూరు వెళ్ళాడు. ఆట నడిపే పని నా నెత్తిన పడింది. మీట నొక్కితే అదే నడుస్తుంది, భయం లేదన్నాడు. నొక్కాను, నడిచింది. ఆ రోజు బుధవారం. అక్క బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. బుధవారం కుట్టుకి సెలవు, మ్యాట్నీకి రావడం ఆవిడకి అలవాటు. ఇంటర్వెల్లో నా దగ్గరికొచ్చి, ఒరేయ్, బొమ్మంతా పచ్చగా ఉందేమిట్రా అంది. నాకేం అలా అనిపించలేదు. కానీ ఇరవయ్యేళ్ళుగా ఆపరేటరుతో కాపురం చేస్తున్న మనిషి, ఆవిడకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? పైకెళ్ళి పచ్చ తగ్గించాను.

రెండో సగం మొదలయ్యేసరికి హాల్లో గొల్లున నవ్వులు. తెర మీద తల్లి చనిపోతోంది. తల్లి వంకాయరంగులో ఉంది, ఆమె చెయ్యి పట్టుకుని ఏడుస్తున్న కొడుకు బీట్‌రూట్ రంగులో ఉన్నాడు. ఆ సీనుకి అంత నవ్వు ఎక్కడా వచ్చి ఉండదు. దాన్ని వెనక్కి మార్చడం నాకు చేతకాలేదు. ఆట అయ్యేదాకా జనమంతా కూరగాయలే చూశారు.

మర్నాడు బావ వచ్చి యంత్రం చూశాడు. నన్ను పిలిచాడు.

"ఆకుపచ్చ ఎందుకు తగ్గించావు?"

"పచ్చగా ఉందన్నారు బావా."

"ఏ పచ్చ?"

"పచ్చంటే పచ్చే. మళ్ళీ ఏ పచ్చేమిటి?"

"ఆకుపచ్చా, పసుపుపచ్చా?"

అప్పుడు వెలిగింది నాకు. మన భాషలో ఆకూ పచ్చే, పసుపూ పచ్చే. రెంటికీ ఒకే మాట పెట్టిన పెద్దలు ప్రొజెక్టర్ చూసి ఉండరు. "పసుపే అయ్యుంటుంది. పాత కాగితంలా ఉందని కూడా అంది" అన్నాను.

"అందా? ఎవరు?"

"అక్క."

"ఇంకెవరైనా అన్నారా?"

"లేదు. అక్కొక్కతే."

ఇక నాకు మూడిందనుకున్నాను.  కానీ ఆయన అక్కడున్న స్టూలు మీద కూర్చుని, యంత్రం వైపు కాకుండా గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళితే నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. "నువ్వన్నది నిజమే. దీపం పాతబడింది, పసుపు కొడుతోంది" అని అక్కతో చెబుతున్నాడు. తన ప్రొజెక్టర్లో వంక ఉందని మా బావ ఒప్పుకోవడం! ఆ దీపం మార్పించింది నేనే, అది పెట్టి నెల కూడా కాలేదు. పెళ్ళాం మాటకి ఎదురు చెప్పలేక తలూపుతున్నాడు కాబోలు, ఎంతటివాడికైనా తప్పదు కదా అనుకుని ఊరుకున్నాను.

అక్కణ్ణుంచి రోగం ముదిరింది. అంతకుముందు ఆయన "ఇది తెలుపు కాదు" అని తేల్చి చెప్పేవాడు. ఇప్పుడు "ఇది తెలుపేనా?" అని అడగడం మొదలుపెట్టాడు. కనబడ్డ ప్రతివాణ్ణీ. మంగలి దుకాణంలో తువ్వాలు చూపించి అడిగాడు. బస్సులో పక్కవాడి జేబురుమాలు లాక్కుని అడిగాడు. మా ఇంటికి భోజనానికొస్తే నా భార్యని ఉప్పు గురించి, నన్ను పళ్ళెం గురించి అడిగాడు. నవ్వే మనిషి కనబడితే ఆ పళ్ళ గురించి కూడా అడిగాడు. ఆ మనిషి మళ్ళీ ఆయన ముందు నవ్వలేదు.

పైగా ఎక్కడికెళ్ళినా అక్కని వెంటేసుకుని వెళ్ళేవాడు. ఊరందర్నీ అడిగాక చివర్లో, "నువ్వేమంటావు? ఇది తెలుపేనా?" అనేవాడు. పాపం ఆవిడ కూడా, "కాస్త మీగడరంగులా లేదూ" అనేది. చివరికి ఈవిడకి కూడా అంటించాడురా భగవంతుడా అని తల పట్టుకున్నాను.

ఒకరోజు అక్క కుట్టు గదిలోకి తొంగిచూస్తే, ఆయన దారపు ఉండలు ముందేసుకుని కూర్చున్నాడు. తెల్లవి ఒక డబ్బాలో, మీగడరంగువి ఇంకో డబ్బాలో వేస్తున్నాడు. తెల్లదారం డబ్బా మూతకి ఒక గరుకు కాగితం ముక్క అంటించాడు. ఎందుకని అడిగితే, చేతికి తెలుస్తుందని అన్నాడు. రంగు చేతికి తెలియడమేమిటి? ఇంక నేను ఏమీ అడగలేదు. అడిగితే చెబుతాడన్న భయంతో.

వీటన్నిటికంటే నన్ను చంపింది బుధవారం మ్యాట్నీ. ఆ ఒక్క ఆటకి బొమ్మంతా నీలం. గురువారం బాగుంటుంది, శుక్రవారం బాగుంటుంది, బుధవారం మ్యాట్నీకి మాత్రం హీరో హీరోయిన్లని ఫ్రిజ్‌లోంచి తీసి నిలబెట్టినట్టుంటుంది. ఎడారిలో పాట పెట్టినా చలేస్తుంది. జనం కౌంటరు దగ్గరికొచ్చి నా మీద పడేవాళ్ళు. ఒక పెద్దావిడ, తెర మీద పసిపిల్లాడు నీలంగా ఉన్నాడు, ఊపిరాడుతోందో లేదో చూడండి బాబూ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బావనడిగితే ఒకటే సమాధానం, దీపం పాతబడింది. ఈ దీపం బుధవారాలు మాత్రమే ఎలా పాతబడుతోంది బావా అంటే, అప్పటికే మెట్లెక్కి వెళ్ళిపోయి ఉండేవాడు.

అసలే హాలు అంతంతమాత్రం. సగం కుర్చీలకి స్పాంజి లేదు, జనానికి ఇళ్ళల్లోనే పెద్ద పెద్ద టీవీలున్నాయి. ఉన్న నలుగుర్నీ మా బావ నీళ్ళల్లో ముంచుతుంటే ఎన్నాళ్ళు వస్తారు? కబురు ఓనరుగారి దాకా వెళ్ళింది. ఆయన పెద్దాయన. తన హాల్లో తను సినిమా చూసి చాలా కాలమైంది. హాలు సంగతులన్నీ ఆయనకి చెవులతోనే తెలుస్తాయి. నన్ను పిలిపించాడు.

వచ్చే బుధవారం మ్యాట్నీకి తను స్వయంగా వస్తానని, కంపెనీ ఇంజనీరమ్మని తీసుకొస్తానని చెప్పాడు. ఆవిడ రంగులు సరిచేసి యంత్రానికి తాళం వేసేస్తుందట. ఎవరో కావాలని చెడగొడుతున్నారని తేలితే ఆ తాళం మళ్ళీ బావ చేతికి రాదు. మీట నొక్కడానికి నువ్వు చాలు, ఆయన్ని ఇంటికి పంపించెయ్ అన్నాడు. "నువ్వే చెప్పు. మీ బావే కదా" అన్నాడు చివర్లో, అదేదో నాకు మేలు చేస్తున్నట్టు.

 బావ పిచ్చి మీద నాకు కోపమే, కాదనను. కానీ ఆ ప్రొజెక్టర్ గది లేకుండా మా బావ ఎలా ఉంటాడో నాకు ఊహకందలేదు. పొద్దున్నే లేచి ఎక్కడికెళతాడు? ఆ బూడిదగోడల మధ్య కూర్చుని ఉప్పుడబ్బా చూసుకుంటూ గడపాలా? మర్నాడు మెట్లెక్కి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన లెన్సు తుడుస్తూ విన్నాడు.

"బుధవారమేనా?" అన్నాడు.

"బుధవారం మ్యాట్నీయే. ఆ ఒక్క ఆటకి తెలుపు సరిగ్గా పెట్టు బావా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"పెట్టలేను."

"చేతకాకా?"

"చేతనవును."

"మరి?"

"బుధవారం కదా" అన్నాడు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

గోడకేసి తల బాదుకుందామనుకున్నాను. అదీ బూడిదరంగే.

బుధవారం రానే వచ్చింది. ఆటకి చాలా ముందే ఓనరుగారొచ్చి హాల్లో కూర్చున్నాడు. ఇంజనీరమ్మ ఒక స్టాండు మీద చిన్న మీటరు బిగించి తెర వైపు తిప్పింది. అది కాంతిని కొలిచి, మూడు రంగులూ ఏ పాళ్ళలో ఉన్నాయో చెబుతుంది. దానికి బావా లేడు, బావమరిదీ లేడు. క్యాంటీనాయన, ఊడ్చే ఆవిడ కూడా వేడుక చూడ్డానికొచ్చి గోడవార నిలబడ్డారు. తన కుర్చీలో తను కూర్చోడానికి అక్క కూడా అలవాటు ప్రకారం ముందే వచ్చేసింది. ఏమిట్రా ఇదంతా అంటే, ఏదో పరీక్షలే అన్నాను. 

తెర మీద తెలుపు పడింది. ఇంజనీరమ్మ మీటరు చూసి, నీలం బాగా పెంచేశారు, ఎరుపు తగ్గించేశారు, ఇది దానంతట అది అయ్యేది కాదు, ఎవరో జాగ్రత్తగా కూర్చుని చేసిన పని అని చెప్పింది. ఓనరుగారు పైకి చూసి బావని కిందికి రమ్మన్నాడు. వచ్చాడు. ఏమిటయ్యా ఇది అని ఓనరుగారు గద్దించాడు.

"దీపం పాతబడిందండి" అన్నాడు బావ.

దీపం ఈమధ్యే మార్చారు, ఎన్ని గంటలు వెలిగిందో లెక్క చూశాను, అంది ఇంజనీరమ్మ. అక్క తల తిప్పి బావ వైపు చూసింది. బావ ఇంకెటో చూశాడు. ఇంజనీరమ్మ పైకెళ్ళి రంగులు మార్చడం మొదలుపెట్టింది. తెర కొద్దికొద్దిగా మారుతూ వచ్చి ఒకచోట ఆగింది. ఏడాదిగా బుధవారం పూట చూడని తెలుపు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. క్యాంటీనాయన అబ్బ అన్నాడు. మా బావ కథ మాత్రం ముగిసింది.

అప్పుడు ఓనరుగారి గొంతు వినబడింది. "ఇదేమిటమ్మా, పచ్చగా చేసి పెట్టారు?"

"ఏ పచ్చండీ?" అని పైనించి ఇంజనీరమ్మ. చదువుకున్న మనిషి, నాలాగా తొందరపడలేదు.

"పచ్చంటే పచ్చ. పసుపు పూసినట్టుంది. ఇందాకటిదే శుభ్రంగా ఉంది కదా, దానికేం వచ్చింది?"

ఆవిడ కిందికొచ్చి మీటరు చూపించింది. సరిగ్గా ఉందండీ అంది. మీ మీటరు చెడిందన్నాడాయన. నిన్ననే సరిచూశామండీ అందావిడ. అయితే నిన్ననే చెడింది, నావి డేగకళ్ళు, నాకు మీరు చెప్పేదేమిటి అన్నాడు. మేనేజరూ, నువ్వు చెప్పు అని నా మీదికి తిరిగాడు. జీతమిచ్చే మనిషి పచ్చగా ఉందంటున్నాడు, తెర చూస్తే పాలలా ఉంది. నేను దగ్గాను.

"నాక్కూడా పచ్చగానే ఉందండీ" అంది అక్క తన కుర్చీలోంచి.

ఓనరుగారికి కొండంత బలమొచ్చింది. చూశారా, ఆవిడ కూడా చెబుతోంది, ఇద్దరం అబద్ధమాడతామా అని మీటరుని వేలితో పొడుస్తూ మాట్లాడాడు. అక్క ఆయన్నే చూస్తోంది. ఆయన గొంతు పెంచుతున్నకొద్దీ ఆవిడ మొహంలో ఏదో మారుతూ వచ్చింది. మెల్లిగా లేచి నా దగ్గరికొచ్చింది.

"ఒరేయ్, నీకెలా ఉంది?"

"తెల్లగానే ఉందక్కా."

క్యాంటీనాయన్ని అడిగింది, ఊడ్చే ఆవిడనడిగింది. తెల్లగానే ఉందన్నారు. అక్క కాసేపు తెర వైపు చూసి, అప్పుడు ఓనరుగారితో చాలా మర్యాదగా అంది. "అయ్యగారూ, మీటరు మంచిదేనండీ. చెడింది మన ఇద్దరి కళ్ళు."

ఓనరుగారు మీటరు మీంచి వేలు తీసేశాడు.  అక్క బావ ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"దీపం పాతబడిందన్నారు."

బావ జేబులోంచి లెన్సు తుడిచే గుడ్డ తీసి మడతలు పెట్టసాగాడు.

"ఏడాదిగా ఊరందర్నీ అడుగుతున్నారు, ఇది తెలుపేనా, అది తెలుపేనా అని. నన్నడగడానికేనా?"

"నిన్నొక్కదాన్నే అడిగితే నీకు తెలిసిపోతుందని" అన్నాడు బావ నేల చూస్తూ. "తెలిస్తే ఆసుపత్రనాలి. ఆ మాటంటే నీ చేతులు చల్లబడతాయి."

"ఊరంతా మిమ్మల్ని పిచ్చివాడనుకున్నారు కదండీ."

"అప్పటికే అనుకుంటున్నారుగా. కొత్తగా పోయేదేముంది?"

నాకు ఒక్కొక్కటే వచ్చి తగిలాయి. మీగడరంగు, గరుకు కాగితం, బుధవారం దీపం. అక్క తెల్లచొక్కాకి మీగడదారంతో మెడపట్టీ కుట్టిన రోజున ఎవరో ఆవిణ్ణి గుమ్మంలో నిలబెట్టి నానా మాటలూ అన్నారట. అదీ తర్వాతే తెలిసింది. తెలుపు కోసం పాలాయన్ని పోగొట్టుకున్న మనిషి, పెళ్ళాం కళ్ళకి తెల్లగా కనబడటం కోసం తన తెలుపుని తనే చేతులారా పాడుచేసుకున్నాడు. తన యంత్రం మీద నింద వేసుకున్నాడు. ఆ యంత్రాన్నే వదులుకోడానికి కూడా సిద్ధపడ్డాడు. నేనేమో ఏడాదంతా ఆయన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది నాకు. జనం లోపలికొస్తున్నారని టిక్కెట్లు చింపడానికి వెళ్ళిపోయాను.

వెళ్ళేముందు అక్క మాట వినబడింది. "ఆసుపత్రికి వస్తాను. కానీ అక్కడ దుప్పట్ల గురించి ఒక్క మాట మాట్లాడారో, కళ్ళకి కట్టుతోనే లేచి వచ్చేస్తాను."

బావ ఒట్టు పెట్టాడు. ఓనరుగారు మాత్రం గంభీరంగా లేచి, తాళం ఆపరేటరు దగ్గరే ఉంచండమ్మా, మీరెళ్ళిపోయాక పచ్చబడితే చూసుకోడానికి మనిషి ఉండాలి కదా అని ఇంజనీరమ్మతో చెప్పి వెళ్ళిపోయాడు. ఏ పచ్చో ఆవిడ అడగలేదు.

అక్క ఆసుపత్రి గేటు దాటిన రోజు బావ బూడిదచొక్కా జేబు పట్టుకుని లోపలికి నడిచింది. ఆ జేబు ఊడొచ్చింది. బావ ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. దుప్పట్ల వంక, కోట్ల వంక కన్నెత్తి చూడలేదు. పళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాడు. కానీ డాక్టరుగారు, ఏం భయం లేదు, శుక్లం, తీసేస్తాం, అనేసరికి ఇక ఆగలేకపోయాడు.

"శుక్లమంటే తెలుపనే కదండీ అర్థం?"

"అవును."

"లోకాన్ని పసుపుగా చూపించేదానికి తెలుపని పేరెవరు పెట్టారండీ?"

డాక్టరుగారు ఆయన వైపు చూసి, తర్వాత నా వైపు చూశాడు. అలవాటేనండీ, మీరు కానివ్వండి అన్నాను.

మొదట ఒక కంటికే చేశారు. బాగా జరిగింది. కట్టు విప్పి ఇంటికి తీసుకొచ్చిన రోజున నేనూ ఉన్నాను. అక్క గుమ్మంలో నిలబడి లోపలికి చూసి, ఇన్నేళ్ళూ ఈ గోడల మధ్యనా ఉన్నాను అంది. తర్వాత బావ మీద దృష్టి పడింది. ఆవిడ కోసమని ఆ రోజు పెట్టెలోంచి తెల్లచొక్కా తీసి వేసుకున్నాడు. అక్క తల కాస్త పక్కకి వంచి, ఒక కన్ను చికిలించి చూసింది.

"ఇది తెలుపు కాదండీ."

మా బావ మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూళ్ళేదు. అందులో ఏం కలిసింది చెప్పు, అంటూ ఆవిణ్ణి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇద్దరూ అక్కడే నిలబడి చొక్కా గురించి మాట్లాడుకున్నారు. మా ఇంట్లోంచి తెచ్చిన క్యారియర్ నేనే విప్పుకుని తిన్నాను.

ఆ తర్వాతి బుధవారం అక్క మ్యాట్నీకొచ్చింది. తెర మీద తెలుపు పడింది. ఆవిడ ఒక కన్ను మూసి చూసింది, అది తెరిచి రెండోది మూసి చూసింది. మళ్ళీ మార్చింది. పైనున్న చిన్న కిటికీలోంచి బావ తల బయటికొచ్చింది.

"ఏమంటావు?"

"ఈ కంటికి తెల్లగా ఉందండీ. ఆ కంటికి పచ్చగా ఉంది."

ఆ తల లోపలికి వెళ్ళింది, మళ్ళీ బయటికొచ్చింది. ఇంతటి చిక్కు ఆయనకి ఎన్నడూ ఎదురవలేదు. జనం టిక్కెట్లు చింపించుకుని వచ్చి కూర్చున్నారు, మొదలుపెట్టమని ఈలలేస్తున్నారు. వెనక వరసలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఒకాయన గుట్టుగా కూర్చున్నాడు. ఓనరుగారే. ఆయనక్కూడా ఒక కంటికి ఆపరేషన్ అయింది, ఎవరికీ చెప్పలేదు.

"ఇప్పుడు ఏ కంటికి పెట్టమంటావే?" అన్నాడు బావ, ఏడుపు గొంతుతో.

అక్క నవ్వింది. హాలంతా నవ్వింది. ఆట మళ్ళీ ఆలస్యమయింది, తిట్లు మళ్ళీ నాకే పడ్డాయి. నా బతుకు మారలేదు, మారదు. కానీ ఎవరైనా మా అక్కా బావల గురించి అడిగితే మాత్రం, వాళ్ళ కాపురం పచ్చగా ఉందండీ అనే చెబుతాను. బావ లేని చోట చూసుకుని చెబుతాను. ఉంటే, ఏ పచ్చ అంటాడు.